నూట డెబ్బై మూడో కల

ముప్పై ఎనిమిదేళ్ళు కడుపులో దాచుకున్న మాటను జానయ్య పోయిన వారం కోడలి ముందు కక్కేశాడు. ఆ పిల్ల నమ్మలేదు. అక్కడ ఆగాం మనం.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఆ చంపాపేట్ కిరాయి ఇంటి సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. అరుణకు ఎడమ రొమ్ములో గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపితే అది మంచి గడ్డ కాదని తేలింది. గురువారం పొద్దున ఎనిమిదింటికల్లా ఎల్బీ నగర్ దవాఖానలో ఉండాలి, ఆపరేషన్. ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఇంకోసారి పడితే గడ్డ చంకలోకి పాకుతుందనీ, ఆ తరువాత తనను అడిగి లాభం లేదనీ డాక్టరమ్మ ముఖం మీదే చెప్పేసింది. అయినా అరుణ పోనంది. తొమ్మిది రోజుల క్రితం ఆమెకు కలలో బురదనీళ్ళు గడప దాటి వంటింటి దాకా వచ్చాయి. లేచీ లేవగానే చీనా కలల పుస్తకం తీసింది. నూట డెబ్బై మూడో కల ఇలా ఉంది: "కలలో బురదనీరు గడప దాటి ఇంటిలోనికి వచ్చినచో, నలువదియొక్క దినములు ఒంటికి కత్తి తగులనీయరాదు. తగిలిన ప్రాణహాని."

ఆ పుస్తకం అట్ట మీద పొడుగు గడ్డం చీనా పెద్దమనిషి బొమ్మ ఉంటుంది. మూడు వేల ఏళ్ళ కిందట ఒక రాజుగారి తమ్ముడు రాశాడని కింద అచ్చేసి ఉంటుంది. "ఆ కల రాసింది ఆయన కాదు బిడ్డా, నేను. ప్రెస్సుల అక్షరాలు పేర్చేటోన్ని, నేనే అల్లిన" అని జానయ్య చెప్పాడు. అరుణ కొంగుతో కళ్ళొత్తుకుని, "నా పానం కోసం గింత అబద్ధమాడుతున్నరు. మీ అసుంటి మామ ఎవలికి దొరుకుతడు" అంది. ఇదేం ఖర్మో చూడండి, తప్పు ఒప్పుకుంటే పుణ్యాత్ముడయ్యాడు. ఆఖరికి ఆమె ఒక్క మెట్టు దిగింది. పుస్తకం వేసిన కమలాకర్ సార్ తన నోటితో చెబితే నమ్ముతానంది.

అందుకే బుధవారం మధ్యాహ్నం మూడింటికి, అరవై ఎనిమిదేళ్ళ జానయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో రెండంతస్తుల మెట్లు ఎక్కి, కమలాకర్ ఆఫీసు తలుపు దగ్గర ఊపిరి కోసం నిలబడ్డాడు.

కింద గాజుల దుకాణాలు, పక్కన కోచింగ్ సెంటర్లు, కిటికీలోంచి చెయ్యి చాపితే అందేలా మెట్రో. గదిలో ఒక మూల చీనా బొమ్మ పరదా, దాని ముందు కుర్చీ, కుర్చీ ముందు గుండ్రటి లైటూ ఫోనూ బిగించిన స్టాండు. రోజూ పొద్దున ఏడింటికి కమలాకర్ ఆ కుర్చీలో కూర్చుని జనం చెప్పే కలలకు ఫలితం చదువుతాడు. అరుణ పొయ్యి మీద పాలు పెట్టి అది చూస్తుంది. ఆమెలాంటివాళ్ళు ఎంతమంది చూస్తారో ఆయనకే తెలియాలి.

"ఏంది కాకా, గీ వయసుల గిన్ని మెట్లెక్కినవ్. ఫోన్ చేస్తే నేనే వద్దును గద" అంటూ కమలాకర్ లేచి కుర్చీ జరిపాడు. చిన్నప్పుడు మూసారాంబాగ్‌లోని తండ్రి ప్రెస్సులో జానయ్య భుజాల మీద ఆడినవాడే. మర్యాదకు లోటు చేయడు.

జానయ్య కూర్చోలేదు. వచ్చిన పని చెప్పాడు. గడ్డ, కల, రేపటి ఆపరేషన్, కోడలి మొండితనం, అన్నీ వరసగా చెప్పి, "ఒక్కపారి ఫోన్ల చెప్పు పటేలా. ఆ ఆఖరి నాలుగు పేజీలు జానయ్యే రాసిండని. గంతే" అన్నాడు.

కమలాకర్ పేపర్‌వెయిట్ పక్కకు జరిపాడు. "గా మాట తప్ప వేరే ఏదన్నా అడుగు కాకా. కావాల్నంటే నేనొచ్చి ఆమెకు నచ్చజెప్త. డాక్టర్ దగ్గరికి పోవాలె తల్లీ అని చెప్త."

"పుస్తకం వద్దన్నంక నువ్వు చెప్తే ఇంటదా?"

"కేసు నడుస్తుంది కాకా. నీకు ఎరుక లేదా? విజయవాడోళ్ళు ఎవలో ఈ పుస్తకం వాళ్ళ తాత రాసిందని కోర్టుకెక్కిరి. మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాక మా నాయిన చీనా గ్రంథం నుంచి తెలుగు చేయించిండని నేను ప్రమాణ పత్రం రాసిచ్చిన. ఇయ్యాల నా నోటితోని నాలుగు పేజీలు మా కంపోజిటర్ రాసిండని అంటే రేపు నన్ను బోనుల నిలబెడ్తరు."

జానయ్యకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ పుస్తకానికి తండ్రిని నేనంటే నేనని కొట్లాడేవాళ్ళు ఇంతమంది ఉన్నారు. తనొక్కడే నాది కాదని ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాడు.

"అయినా అసలుది ఎవలు రాసిన్రో చీనాలనే తెల్వదంట" అన్నాడు కమలాకర్, కాస్త ఉత్సాహం తెచ్చుకుని. "యూనివర్సిటీల చదువుకునే పిల్ల ఒకామె వచ్చింది, తన్మయి అని. గా రాజు తమ్ముడు కలల గురించి ఒక్క ముక్క గూడ రాయలేదంటది. ఎన్నో వందల ఏండ్ల తర్వాత ఎవలో రాసి, పెద్దమనిషి పేరు పెడితే జనం నమ్ముతరని ఆయన పేరు పెట్టిన్రంట. తర్వాత్తర్వాత ఒక్కొక్కరు కొన్ని కలుపుకుంట పోయిన్రంట. మరి అక్కడనే గట్లున్నప్పుడు, నువ్వు ఓ నాలుగు పేజీలు కలిపితే మునిగిందేముంది?"

"ఆ చీనోళ్ళంతా సచ్చిపోయిన్రు పటేలా. వాళ్ళను అడిగేటోడు లేడు. నేను బతికున్న. నా కోడలు నా పుస్తకం పట్టుకోని సావుకు సిద్ధమైంది."

"అసలు నువ్వే రాసినవని గ్యారంటీ ఏంది? మా నాయిన ఏనాడు నాకు చెప్పలే." ఆ మాటలో కొంచెం వేడి ఉంది. తండ్రి సత్యనారాయణ అంటే కమలాకర్‌కు దేవుడు. ఆయన పోయినా ఆయన ఫొటోకు రోజూ దండ మారుస్తాడు.

అప్పుడు కూర్చున్నాడు జానయ్య. చెప్పడం మొదలుపెట్టాడు.

రాతప్రతి తెచ్చిన పంతులు ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులోంచి తెలుగు చేశానన్నాడు, ఆ ఇంగ్లీషు చీనాలోంచి వచ్చిందన్నాడు. నూట అరవై కలల దాకా కాగితాలిచ్చి, మిగతావి వారంలో తెస్తానని వెళ్ళినవాడు మళ్ళీ కనబడలేదు. పదహారు పేజీలు కలిపితే ఒక ఫారం. ఆఖరి ఫారంలో నాలుగు పేజీలు ఖాళీ. అట్ట మీద "రెండు వందల కలలు" అని ముందే అచ్చయిపోయింది. పెద్ద పటేలు, అదే సత్యనారాయణ, వచ్చి, "జానయ్యా, ఏదో ఒకటి రాసి ఫారం నింపు, రేపు కాయితమొస్తది, మిషనెక్కాలె" అని పోయాడు.

"రాద్దామని అక్షరాలు పేర్చే స్టిక్కు చేతులకు తీసుకున్న. అన్నీ మంచియే రాద్దామనుకున్న పటేలా, ఒట్టు. కని అక్షరాలుండే కేసు డబ్బాల, దాని గడిల, భ అక్షరం ఒక్కటి లేదు. ముందటి ఫారాలల్ల ప్రతి కలకు శుభమనో, ధనలాభమనో, సౌభాగ్యమనో ఉండె. మాకున్న భ అక్షరాలన్నీ అండ్లనే ఇరుక్కపోయినయి. మిషన్‌కు కాయితం రాలేదని ఆ ఫారాలు బల్ల మీదనే కట్టి ఉన్నయి. ఇప్పితేనే గద అక్షరాలు మళ్ళ గడిలకొచ్చేది. భ లేకుండ శుభం ఎట్ల రాస్త? లాభం ఎట్ల రాస్త? కీడుకు భ అక్కర లేదు. హానికి లేదు. నష్టానికి లేదు, సావుకు లేదు. దొరికిన అక్షరాలతోని దొరికిన ఫలితం పెట్టుకుంట పోయిన. నలభై కలలల్ల ఒక్కటి మంచిది లేదు. తియ్యి పుస్తకం. నూట అరవై ఒకటి నుంచి చూడు. భ ఒక్కటి చూపెట్టు."

కమలాకర్ బల్ల మీది పుస్తకం తెరిచాడు. వేలు పెట్టి వరస వరసా చదివాడు. ఆఫ్‌సెట్ వచ్చాక ఎన్నిసార్లు అచ్చేసినా పాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించారు, ఎవరూ మార్చలేదు. ఒక పేజీ అయింది. రెండో పేజీ. జానయ్య కళ్ళు మూసుకుని చూడకుండా అప్పజెబుతున్నాడు. "కలలో పండ్లు ఊడిన ఇంటిపెద్దకు హాని. పిల్లి ఎదురు వచ్చిన ప్రయాణము మానవలెను..." కమలాకర్ వేలు వెళ్ళే చోటికి ముసలాయన మాట ఒక్క అక్షరం తేడా లేకుండా ముందే వెళుతోంది.

నూట ఎనభై ఏడు దగ్గర వేలు ఆగిపోయింది.

"సోదరుడు తెల్లని వస్త్రములతో వాకిట నిలిచినట్లు కల వచ్చినచో, వానివలన కీడు తప్పదు. రాకపోకలు మానవలెను" అని జానయ్య అప్పజెప్పి కళ్ళు తెరిచాడు.

కమలాకర్ పుస్తకం ఆయన వైపు తిప్పాడు.

"ఇది గూడ నీదేనా కాకా?"

"నాదే."

"తమ్ముడు ధనరాజ్ నాకు కలల వచ్చిండు. తెల్ల లాల్చీల. పదకొండేండ్లాయె. తెల్లారి వాడు పెండ్లి కార్డు పట్టుకోని ఇంటికొస్తే తలుపు తియ్యలే. నడిమిట్ల గోడ పెట్టించిన. కరోనాల వాడు దవాఖాన్ల పడి, పానం పోయేముందు అన్నను ఒక్కపారి పిలవమన్నడంట. పోలే." పుస్తకం మూసి దూరంగా నెట్టాడు. "నా ఒక్కగానొక్క తమ్ముడు. నీ డబ్బాల అక్షరం లేదని నేను పోలే."

జానయ్య ఒక కోడలి కోసం వచ్చాడు, ఇక్కడ ఇంకో ఇల్లు కూలి ఉంది. నలభై కలలు. ఏ ఇంట్లో ఏ కల పడుకుని ఉందో!

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అని కమలాకర్ నిలదీశాడు. "ఎందుకు చెప్పలే నువ్వు?"

ఎందుకు చెప్పలేదంటే ఆండాలమ్మ కోసం. జానయ్య భార్య. నల్గొండ పల్లె నుంచి వచ్చినప్పుడు ఆమెకు ఓనమాలు రావు. ఆయన ఇంటికి తెచ్చిన ప్రూఫు కాగితాల మీద వేలు పెట్టి, ఈ పుస్తకంతోనే చదవడం నేర్చింది. మా ఆయన చీనా శాస్త్రం అచ్చేసిండని వాడంతా చెప్పుకుంది. ఆ మురిపెం చూసి ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. పందొమ్మిదేళ్ళ క్రితం ఆమెకు కడుపునొప్పి మొదలైంది, ఆ వారమే బురదనీళ్ళ కల వచ్చింది. నలభై ఒక్క రోజులు ఆగుతానంది. ఇయ్యాల చెబుతా, రేపు చెబుతా అని జానయ్య రోజులు లెక్కపెట్టాడు. భార్య ముందు పలచబడతానన్న సిగ్గు ఒక్కటే అడ్డం. ముప్పై తొమ్మిదో రోజున ఆమె నేల మీద పడి గిలగిల కొట్టుకుంటుంటే కొడుకు తిరుపతి ఎత్తుకుని ఆటోలో వేశాడు. "రెండు దినాలు ఆగు బిడ్డా" అని ఆమె బతిమాలుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్లాడు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు. లోపల ఎప్పుడో చీము పట్టింది. ఆమె బల్ల మీదే పోయింది.

పది రోజుల ముందు తెస్తే బతికేదని డాక్టరు అన్నాడు. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండు రోజులు ఆగలేక తల్లిని కత్తికి అప్పజెప్పాడని చుట్టాలన్నారు. నా సంతకమే అమ్మను తిన్నదని తిరుపతి నమ్మాడు. అది విని కూడా జానయ్య నోరు మెదపలేదు. ఆ మనిషిని వెనకేసుకు రావడం నా వల్ల కాదు.

ఇదంతా ఆయన కమలాకర్‌కు రెండు ముక్కల్లో చెప్పాడు. వినడం అయ్యాక కమలాకర్ చెయ్యి చాచాడు.

"ఫోన్ ఇయ్యి."

"కేసు..."

"ఇయ్యమంటున్న గద."

స్పీకర్ పెట్టాడు. రెండు మోతల తరువాత అరుణ ఎత్తింది. "మామా, ఎక్కడ పోయిన్రు? తినకుండ పోతిరి."

"అమ్మా, నేను కమలాకర్‌ను. పొద్దుగాల నువ్వు చూసే కమలాకర్‌నే. గొంతు గుర్తు పట్టినవా? మీ మామ చెప్పింది నిజం తల్లీ. ఆఖరి నలభై కలలు చీనావి కావు, ఏ శాస్త్రంలవి కావు. మా ప్రెస్సుల ఖాళీ పేజీలు నింపడానికి మీ మామ అల్లినయి. పుస్తకం దగ్గరున్నదా? నూట అరవై ఒకటి నుంచి ఆఖరు దాక చూడు. భ అక్షరం ఒక్కటన్నా దొరికితే నన్ను అబద్ధాలకోరు అను."

కాగితాలు తిరిగిన చప్పుడు. ఇద్దరూ ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. కిటికీ బయట రెండు మెట్రోలు పోయాయి.

"లేదు సార్" అంది అరుణ చివరికి. చాలా చిన్న గొంతుతో. "ఒక్కటి గూడ లేదు." ఆ తరువాత, "మామా, మరి నేను గిన్ని దినాలు ఉత్తగనే..." అని ఏడ్చింది. భయం వదిలినప్పటి ఏడుపు అది. జానయ్య రెండు చేతులూ ఎత్తి ఫోనుకు దండం పెట్టాడు.

అంతలో ఫోను చేతులు మారింది.

"నాయినా."

తిరుపతి. బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి డీసీఎం వ్యాను నడుపుతాడు. మామూలుగా రాత్రికి గాని ఇంటికి రాడు. రేపటి ఆపరేషన్ కోసం, పెళ్ళాం కాళ్ళు పట్టుకునైనా ఒప్పించాలని బత్తాయి లోడు ఇంకొకరికి అప్పజెప్పి పెందలాడే వచ్చాడు. మొదటి నుంచీ పక్కనే నిలబడి విన్నాడు.

"అమ్మ కల చెప్పినప్పుడు నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గదా?"

"ఉన్న బిడ్డా."

"నూట డెబ్బై మూడు అని అమ్మ పుస్తకం తీసి చదివింది. నువ్వు మంచం మీద కూసున్నవ్. నాకు గుర్తుంది."

"ఉన్న."

"ముప్పై తొమ్మిది దినాలు. నాయినా, ముప్పై తొమ్మిది దినాలు ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది బిడ్డా."

కొడుకు తిట్టినా బాగుండేది. "అమ్మ పోయినంక? నేను గోడకు తల కొట్టుకున్ననాడు? అప్పుడు గూడ సిగ్గేనా? రేపు దవాఖాన్ల సంతకం నువ్వే పెట్టు. రాసినోనివి నువ్వు. నేను ఒక్కపారి పెట్టిన, సాలు."

ఫోను ఆగిపోయింది.

జానయ్య ఆటో పట్టుకుని చంపాపేట్ చేరేసరికి ఆరయింది. తలుపు బార్లా తీసి ఉంది. అరుణ బట్టల సంచీ సర్ది, దవాఖాన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తిరుపతి లేడు. పిలిచినా తిరిగి చూడకుండా మెట్లు దిగి పోయాడట. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తడం లేదట.

"పుస్తకం బుగులు పోయింది మామా" అంది, ఆయన ముఖం చూడకుండా. "కని ఆయన లేకుండ నేను ఆ బల్ల ఎక్క. అత్తమ్మ ఎక్కినంక ఆయన బయట ఒక్కడు కూసున్నడు. అది నాకు ఎన్ని మార్లు చెప్పిండో. రేపు ఆయన రాకుంటే, సంతకం మీరు పెట్టినా, నేను పోయేది లేదు." మొండిదంటే మొండిదే ఆ పిల్ల. ఈసారి ఆ మొండితనంలో తప్పు పట్టడానికి జానయ్య దగ్గర ఏమీ లేదు.

"నేను తోల్కొస్త బిడ్డా" అంటూ ఆయన మళ్ళీ గడప వైపు తిరిగాడు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. కమలాకర్.

"కాకా, నీ కొడుకు గీడికొచ్చిండు. నా కుర్చీల కూసున్నడు. లైటు వేయమంటుండు, వీడియో పెట్టమంటుండు. నలభై కలల సంగతి లోకానికి చెప్తడంట."

"చెప్పనియ్యి పటేలా. చెప్పినంక ఇంటికి తోలియ్యి. పొద్దుగాల దవాఖానకు పోవాలె."

"కలల సంగతి ఒక్కటే అయితే నేను నీకు ఫోన్ చేద్దునా?" కమలాకర్ గొంతు తగ్గించాడు. "వాళ్ళమ్మను సంపినోడు ఎవలో పేరు పెట్టి చెప్త అంటుండు. నువ్వు వద్దంటే వైరు గుంజేస్త. చెప్పు, ఆపాల్నా వద్దా?"

ఫోను గొంతు గదంతా వినబడుతోంది. అరుణ లేచి నిలబడింది. వద్దనండి అన్నట్టు తల అడ్డంగా ఊపింది. రేపు ఈ ఇంటి ముందు, ఆ కలలు నమ్మి చెడినవాళ్ళు ఎవరెవరు వచ్చి నిలబడతారో ఇద్దరికీ అర్థమవుతూనే ఉంది.

జానయ్య ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఆపకు" అన్నాడు. "పేరు సక్కగ చెప్పుమను. ఇంటిపేరుతోని చెప్పుమను."

నిమిషం గడవకముందే, కమలాకర్ వీడియో మొదలైందని అరుణ ఫోను టింగుమంది. ఆమె దాన్ని నొక్కింది. చీనా బొమ్మ పరదా ముందు, గుండ్రటి లైటు వెలుగులో, ఎర్రబడ్డ కళ్ళతో తిరుపతి కూర్చుని ఉన్నాడు.

"నమస్తే" అన్నాడు. "రేపు పొద్దుగాల మీ ఇండ్లల్ల ఎవలికన్న ఆపరేషన్ ఉంటే, జర ఆగి నా మాట ఇనుండ్రి. మా నాయిన పేరు..."